సైకిల్ డైనమోతో ఫోన్ ఛార్జర్: నాలుగు వారాల పని

మొదటి వారం: డైనమో బిగింపు, కొలతలు

వాడింది పాత తరహా బాటిల్ డైనమో (టైరుకు ఆనించిన రోలర్ తిరిగితే కరెంటు పుట్టించే సీసా ఆకారపుది), 6 వోల్టులు 3 వాట్లది. వెనక చక్రం పక్కన బిగించడం మేలు. స్టాండు వేస్తే ఆ చక్రం గాల్లో తిరుగుతుంది కాబట్టి తొక్కకుండానే కొలతలు తీసుకోవచ్చు. బిగించేటప్పుడు డైనమో ఇరుసు నుంచి ఒక గీత గీసినట్టు ఊహిస్తే అది చక్రం ఇరుసు మధ్యకు చేరాలి. కాస్త వంకరగా ఉన్నా రోలర్ టైరు అంచును కోస్తుంది, తొక్కడం బరువవుతుంది. వాడనప్పుడు డైనమోను పక్కకు లాగి ఉంచితే రోలర్‌కూ టైరుకూ మధ్య సెంటీమీటరు ఖాళీ చాలు.

ఈ డైనమోకు వైరు ఒక్కటే. రెండో కొస దాని ఒళ్లే. క్లాంపులో మొన ఉన్న స్క్రూ ఫ్రేము రంగును చీల్చుకుని ఇనుముకు తగిలితేనే సర్క్యూట్ పూర్తవుతుంది. 'డైనమో పాడైంది' అని పక్కన పడేసినవాటిలో చాలావాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది. ఆ చోట గీరి, స్క్రూ బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టదు.

వేగం లెక్క: 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 15 కిలోమీటర్లంటే నిమిషానికి 114 చుట్లు. ఆ వేగంలో 12 ఓముల, 10 వాట్ల రెసిస్టర్ మీద 6 వోల్టులు రావాలి, అంటే అర ఆంపియర్. వేగం రెట్టింపు చేసినా కరెంటు అర ఆంపియర్ దగ్గరే తచ్చాడుతుంది. రెసిస్టర్ తీసేస్తే మాత్రం వోల్టేజీ వేగంతో పాటు ఎక్కుతూ పోయి 30 దాటగలదు.

ఈ ప్రాజెక్టులో అసలు అర్థం చేసుకోవాల్సింది ఇదే. డైనమో పట్టి ఉంచేది వోల్టేజీని కాదు, కరెంటును. వేగం పెరిగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దానితో పాటే లోపలి తీగచుట్ట కరెంటుకు వేసే అడ్డూ పెరుగుతుంది, అందుకే కరెంటు ఒక హద్దు దాటదు. పాత సైకిళ్లలో ముందు బల్బు మాడిపోతే వెంటనే వెనక ఎర్ర బల్బు కూడా ఎందుకు పోయేదో ఇప్పుడు తెలుస్తుంది. ముందుది 2.4 వాట్లు, 0.4 ఆంపియర్లు. వెనకది 0.6 వాట్లు, 0.1 ఆంపియర్. పెద్దది పోగానే మొత్తం కరెంటు చిన్నదాని మీద పడుతుంది. ఛార్జర్‌కూ అదే ప్రమాదం ఉంది. ఫోన్ నిండి కరెంటు తీసుకోవడం ఆపిన క్షణాన వోల్టేజీ పైకి లేస్తుంది.

రెండో వారం: ఏసీని డీసీ చేయడం

డైనమో ఇచ్చే ఏసీని డీసీ చేయడానికి నాలుగు 1ఎన్5819 షాట్కీ డయోడ్లతో (కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చేవి) బ్రిడ్జి. మామూలు 1ఎన్4007 కూడా పనిచేస్తుంది కానీ దారిలో రెండు డయోడ్లు పడి దాదాపు ఒకటిన్నర వోల్టు తినేస్తాయి. షాట్కీలయితే 0.7 దగ్గర సరిపెడతాయి. 6 వోల్టుల సరంజామాలో ఆ తేడా పెద్దదే. బ్రిడ్జి తర్వాత 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్. బ్రిడ్జి దాటాక చేతికి వచ్చే సగటు డీసీ కరెంటు 0.45 ఆంపియర్లు.

వోల్టేజీ పైకి లేవకుండా కెపాసిటర్‌కు సమాంతరంగా 1ఎన్5343 జీనర్లు (వోల్టేజీ హద్దుకు చేరగానే మిగులు కరెంటును తమ గుండా పోనిచ్చే డయోడ్లు) రెండు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కోటి 7.5 వోల్టులు, 5 వాట్లు. 15 వోల్టుల జీనర్ ఒకటే పెడితే లోడు లేనప్పుడు 6.75 వాట్లు దాని మీదే పడతాయి, అది కాలిపోతుంది. రెండయితే తలా 3.4 వాట్లు. వాటి కాళ్లను పొట్టిగా ఉంచి బోర్డు మీది వెడల్పాటి రాగి పట్టీలకు సోల్డర్ చేయాలి, వేడి కాళ్ల గుండానే పోతుంది.

ఈ దశలో ఎక్కువమంది పడే గుంత ఒకటుంది. డైనమో ఒక కొస ఫ్రేమే కదా. బ్రిడ్జి తర్వాతి మైనస్ కూడా ఎక్కడో ఫ్రేముకు తగిలితే ఒక డయోడు షార్ట్ అవుతుంది, సగం కరెంటు వృథాగా పోతుంది. యూఎస్‌బీ సాకెట్ లోహపు తొడుగు మైనస్‌కే కలిసి ఉంటుంది కాబట్టి రేకు డబ్బాలో పెట్టి ఫ్రేముకు బిగించారంటే జరిగేది ఇదే. ప్లాస్టిక్ డబ్బా వాడాలి.

మూడో వారం: నేరుగా ఫోన్‌కు ఇస్తే ఏమైంది

వోల్టేజీని 5కి తగ్గించే పాత 7805 చిప్ పనికిరాదు. దానికి కనీసం 7 వోల్టులు కావాలి, మిగిలినదంతా వేడిగా పోతుంది. అదే పని చేసే ఎల్ఎం2596 కన్వర్టర్ మాడ్యూలుకూ దాదాపు అంతే కావాలి. ఎంపీ1584 మాడ్యూలు 4.5 వోల్టుల నుంచే మేలుకుంటుంది కాబట్టి అదే పెట్టాం, ఫోన్ తగిలించకముందే స్క్రూ తిప్పి 5.1కి సరిచేసి. ఇలాంటి మాడ్యూళ్లూ డయోడ్లూ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

స్మార్ట్‌ఫోన్ తగిలిస్తే ఛార్జింగ్ గుర్తు వస్తూ పోతూ ఉంది. కారణం: డైనమో ఇవ్వగలిగినదాని కంటే ఫోన్ ఎక్కువ అడుగుతుంది. ఇన్‌పుట్ వోల్టేజీ తగ్గుతుంది. తగ్గేకొద్దీ కన్వర్టర్ అదే పవర్ కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగబోయి పూర్తిగా కూలబడుతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. పడిలేచిన ప్రతిసారీ ఫోన్ తెర వెలుగుతుంది కనుక ఎక్కిన ఛార్జింగ్ కంటే దిగిందే ఎక్కువ కావచ్చు. నేరుగా ఇచ్చే పద్ధతి ఇక్కడితో వదిలేశాం.

నాలుగో వారం: మధ్యలో ఒక 18650 సెల్లు

ఇప్పటి వరస: డైనమో, బ్రిడ్జి, ఎంపీ1584, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, 18650 సెల్లు (మళ్లీ ఛార్జ్ చేయగల లిథియం సెల్లు), స్విచ్చి, వోల్టేజీ పెంచే ఎంటీ3608 బూస్ట్ మాడ్యూలు, యూఎస్‌బీ సాకెట్. టీపీ4056 బోర్డు మీద 1.2 కిలోఓముల రెసిస్టర్ ఉంటుంది, అంటే 1 ఆంపియర్ ఛార్జింగ్. మన డైనమో అంత మోయలేదు. దాన్ని తీసి 3 కిలోఓములది వేస్తే 400 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. ఈ ఒక్క మార్పుతో కూలబడే జబ్బు పోయింది. బోర్డు కొనేటప్పుడు సెల్లు రక్షణ ఉన్న రకమే, అంటే అవుట్‌పుట్ కొసలు విడిగా ఉన్నదే తీసుకోవాలి.

ఎంటీ3608 స్క్రూను పది చుట్లు తిప్పినా వోల్టేజీ కదలకపోతే కంగారు వద్దు, పాడైనట్టు కాదు. ఎడమకు ఇంకా తిప్పుతూ ఉండాలి. ఉన్నట్టుండి దిగడం మొదలవుతుంది, 5.1 దగ్గర ఆపాలి. యూఎస్‌బీ డేటా కాళ్లు రెండింటికీ 5 వోల్టుల నుంచి 75 కిలోఓములు, మైనస్ వైపు 51 కిలోఓములు పెడితే ఒక్కోదాని మీద 2 వోల్టులు నిలబడతాయి. అప్పుడు చాలా ఫోన్లు 500 మిల్లీఆంపియర్లకు మించి అడగవు, సెల్లు మీద భారం తగ్గుతుంది. తొక్కేటప్పుడు సెల్లు ఛార్జింగ్, ఆగినప్పుడు స్విచ్చి వేసి ఫోన్‌కు. రెండూ ఒకేసారి నడిపితే సెల్లు నిండిందో లేదో టీపీ4056కు సరిగ్గా తెలియదు.

గంట తొక్కితే ఎంత? సెల్లులోకి సుమారు 1.5 వాట్-అవర్లు చేరతాయి. బూస్ట్‌లోనూ ఫోన్‌లోనూ పోయేవి పోగా 1.15 దాకా మిగులుతుంది. 5000 మిల్లీఆంపియర్-అవర్ల స్మార్ట్‌ఫోన్‌కు అది 6 శాతం. బీఎల్-5సీ బ్యాటరీ ఉన్న బటన్ ఫోన్‌కు 30 శాతం. నోకియా 2010లో ఇలాంటి సైకిల్ ఛార్జర్‌నే అమ్మకానికి ప్రకటించింది, అది గంటకు 6 కిలోమీటర్ల వేగం నుంచే పని మొదలుపెట్టేది. అప్పటి చిన్న బ్యాటరీలకు అది సరిగ్గా సరిపోయే వస్తువు. ఇప్పుడు కూడా బటన్ ఫోన్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, సైకిల్ లైటు వంటివాటికే దీన్ని తయారుచేసుకోవడం అర్థవంతం.

మాడ్యూళ్లన్నీ హాట్ గ్లూతో డబ్బాకు అంటించాం, లేకపోతే గతుకుల రోడ్డు మీద సోల్డర్ అతుకులు విరుగుతాయి. వైరు డబ్బాలోకి కింది వైపు నుంచి, ముందు కాస్త వేలాడి తర్వాత లోపలికి పోయేలా ఉండాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. డబ్బా సీటు కింద నీడలో ఉండాలి. లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, రోహిణీ కార్తె ఎండలో నిలబెట్టిన సైకిల్ మీది నల్ల డబ్బా ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. అలాంటి రోజుల్లో రోలర్‌ను టైరుకు తగలనివ్వకుండా ఎత్తి ఉంచడమే దారి.

మిగిలిన పని: వానలో రోలర్ జారడం ఇంకా తీరలేదు. టైరు పక్క గీతలు అరిగినచోట ఎక్కువ జారుతోంది. స్ప్రింగు బిగిస్తే జారుడు తగ్గుతుంది కానీ తొక్కడం కష్టమవుతుంది. ముందు టైరు మార్చి చూడాలి.