క్వెర్సెటిన్ ప్రాజెక్టు: ఊదా రంగు పెట్టిన గోస

రిపోర్టు నిన్ననే సబ్మిట్ చేశాను. కోపం ఇంకా తగ్గలేదు. నల్లగొండ నుంచి బయోకెమిస్ట్రీ పీజీ చేస్తూ క్యాన్సర్ కణాల మీద ప్రాజెక్టు అనుకుంటున్నవాళ్ళు ఇది చదవండి.

నా టాపిక్, ఉల్లిగడ్డలో ఉండే క్వెర్సెటిన్ లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) కణాలను ఏం చేస్తుందని. పర్మిషన్ లెటర్, హాస్టల్ తొందరగానే దొరికాయి. కె562 అనే లుకేమియా కణాలు నేను పనిచేసిన హైదరాబాద్ ల్యాబ్‌లో ముందే ఉన్నాయి.

అసలు గోస, కణాలు ఏ మేరకు బతికున్నాయో రంగుతో చూసే ఎంటీటీ పరీక్ష దగ్గర మొదలైంది. బతికున్న కణాలు పసుపు ఎంటీటీని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. రంగు చిక్కగా ఉంటే ఎక్కువ కణాలు బతికున్నట్టు. నా ప్లేటులో డోసు పెంచినకొద్దీ ఊదా చిక్కబడింది. మందు వేస్తే లుకేమియా పెరిగినట్టు! అక్కడి సీనియర్ ఒకాయన అందరి ముందు, "మీ జిల్లా కాలేజీల్లో పిపెట్ పట్టుకోవడం కూడా నేర్పరా?" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మందును కరిగించే డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన కంట్రోల్‌తో సహా ప్రతి వెల్ (ప్లేటులోని చిన్న గుంట) లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది, ఒక్కటీ తప్పు లేదు.

మర్నాడు కణాలు లేకుండా ఉత్త మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) క్వెర్సెటిన్, ఎంటీటీ వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. తీసి చూస్తే ఊదా! ఒక్క కణం లేకుండానే. క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు ఎంటీటీని నేరుగా తామే మార్చేస్తాయి. ఆ ప్లేటు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. సారీ అన్న మాట రాలేదు. తెలియనిది తెలియదని ఒప్పుకోలేనివాళ్ళు పిల్లలకు పని నేర్పే చోట ఉండకూడదు.

కాబట్టి కణాలు లేని వెల్స్ మొదటి ప్లేటులోనే పెట్టుకోండి. ఎంటీటీ వేసేముందు మందున్న మీడియం తీసేయండి. కె562 అడుగుకు అంటుకోదు, తేలుతుంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి కణాలను అడుగుకు చేర్చకుండా మీడియం పీలిస్తే కణాలూ పోతాయి. నేను ట్రిపాన్ బ్లూ అనే రంగుతో కూడా కణాలను లెక్కపెట్టాను. చచ్చిన కణాలు నీలంగా కనిపిస్తాయి, డోసుతో పాటు ఆ నీలం పెరిగింది. మైక్రోస్కోప్ దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఉల్లిగడ్డలు తింటే బ్లడ్ క్యాన్సర్ పోతుందా అని మా మేనత్త అడిగింది. పోదత్తా అన్నాను. తిన్న క్వెర్సెటిన్ పేగుల్లో, కాలేయంలోనే చాలావరకు రూపం మారిపోతుంది. బిల్లగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టీన్ నిజంగా లుకేమియా మందే, కానీ దాన్ని డాక్టర్లు కొలిచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఆ ఆకు పసరు తాగమని ఎవరన్నా చెబితే వినకండి, అది విషం.

రిపోర్టు బైండింగ్ మాత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరే చేయించుకోండి, నాకు హైదరాబాద్‌లో చెప్పిన రేటులో సగమే అయింది.