రాత్రి పదిన్నరకి పడుకునే ర్యాంకు తెచ్చుకున్నాను

లిస్టులో నా నంబర్ ఉంది. ఫలితాలు వచ్చి ఇంకా వారం కూడా కాలేదు, ఆ సంతోషంలోనే రాస్తున్నాను. సిలబస్ గురించి, పుస్తకాల గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేం లేదు. అందరం చదివేవి దాదాపు అవే. నేను చెప్పాలనుకున్నది నిద్ర గురించి.

పోయినసారి కటాఫ్ దగ్గర ఆగిపోయాను. సబ్జెక్టు రాక కాదు. ఇంట్లో రాత్రిపూట రాసిన మాక్ టెస్టుల్లో మంచి మార్కులే వచ్చేవి. అసలు పేపర్ మాత్రం ఉదయం. హాల్లో చదివిన ప్రశ్నే మళ్లీ చదువుతున్నాను, బుర్రకెక్కడం లేదు. రెండు ఆప్షన్ల మధ్య తేల్చుకోవాల్సినవన్నీ పోయాయి. సాయంత్రానికి అవే జవాబులు వాటంతటవే గుర్తొచ్చాయి! అందరూ టెన్షన్ అన్నారు. నాకున్నది టెన్షన్ కాదు, నిద్రమత్తు.

ఆ తర్వాత ఈ విషయాన్నే పట్టుకుని చదివాను. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అని సుమారు 20,000 న్యూరాన్ల గుంపు ఉంటుంది. ఒంటికంతా గడియారం అదే. చాలామందిలో దాని సొంత లెక్క 24 గంటల కంటే కాస్త ఎక్కువ, అందుకే రోజూ వెలుతురును బట్టి సరిచేసుకుంటుంది. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. రాత్రి పెర్ అనే ప్రోటీన్ పోగై, తనను తయారుచేసే జన్యువునే ఆపేస్తుంది. పగలు అది తరిగిపోయాక జన్యువు మళ్లీ పని మొదలుపెడుతుంది. (జనరల్ సైన్స్ నోట్సులో ఇది ఉండాల్సిందే.)

ఇక నా సంగతి. రోజూ మూడింటిదాకా లైటు వేసుకుని కూర్చుంటే రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ ఆలస్యంగా మొదలవుతుంది, గడియారం మొత్తం వెనక్కి జరుగుతుంది. ఒంటి వేడి రోజు మొత్తంలో బాగా తగ్గేది, మనం మామూలుగా లేచే టైముకి రెండు మూడు గంటల ముందు. మెదడు అప్పుడే బాగా మందంగా ఉంటుంది. పదింటికి లేచే అలవాటున్నవాళ్లకి అది ఏడెనిమిది గంటలకన్నమాట. హాల్లో అందరికీ పొద్దెక్కింది, నా ఒంటికి మాత్రం అప్పుడే తెల్లవారుతోంది. పేపర్‌లో మొదటి సగం నేను తెల్లవారుజామున రాసినట్టే.

ఈసారి పదిన్నరకి పడక, ఆరింటికి లేవడం, లేవగానే ఆరుబయట వెలుతురులో నడక. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది. మాక్ టెస్టులన్నీ పరీక్ష టైముకే రాశాను. మధ్యాహ్నం దాటాక కాఫీ మానేశాను. కెఫీన్ నిద్ర బాకీని తీర్చదు, నిద్రమత్తు తెప్పించే అడెనోసిన్ మెదడు కణాల మీద పనిచేయకుండా అడ్డుపడుతుందంతే. తాగిన దాంట్లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

పదిన్నరకే పడుకుంటున్నానని నన్ను చాలామంది చాలా మాటలన్నారు. నాలుగు గంటలు పడుకునేవాళ్లకే ర్యాంకులని కోచింగ్‌లో ఒక సార్ అందరి ముందే అన్నారు. అప్పుడు తిరిగి చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. పదిన్నరకి పడుకోవడం బద్ధకం కాదు. 1924లోనే సైకాలజిస్టులు జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ ప్రయోగం చేసి చూపించారు: నేర్చుకున్నాక మేలుకుని ఉంటే ఎక్కువ మరిచిపోతాం, నిద్రపోతే తక్కువ మరిచిపోతాం. గాఢనిద్ర రాత్రి మొదటి సగంలో ఎక్కువ, కలలొచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. చివరి రెండు గంటలు కోసేస్తే రెమ్‌లో పెద్ద ముక్కే పోతుంది. మేలుకుని కూర్చోవడమే క్రమశిక్షణ అంటారు. చాప్టర్ ఇంకో రెండు పేజీలు మిగిలి ఉండగా పుస్తకం మూసి లైటార్పడానికి, అదీ సెలవురోజు కూడా అదే టైముకి, ఎంత క్రమశిక్షణ కావాలో చేసి చూడండి.

రాత్రి డ్యూటీలు చేస్తూ చదివేవాళ్లకి నా టైంటేబుల్ సరిపోదు. మిగతావాళ్లు మాత్రం పరీక్షకి కనీసం మూడు నాలుగు వారాల ముందే మార్చడం మొదలుపెట్టండి, రెండు మూడు రోజులకో పావుగంట చొప్పున. పరీక్ష ముందురోజు ఒక్కసారిగా పదింటికి పక్కెక్కితే నిద్ర రాదు, గడియారం ఇంకా పాత టైములోనే ఉంటుంది కాబట్టి.