నోటికి మూడు గీతలు

చైనాలో ఎంబీబీఎస్ ఇంగ్లీష్‌లోనే చెబుతారన్నారు, చేరిపోయాను. పాఠాలు ఇంగ్లీష్‌లోనే. కానీ వార్డులో పేషెంటుకు ఇంగ్లీష్ రాదు కదా, అందుకని మొదటి ఏడాది నుంచే చైనీస్ క్లాసు. ఈశాన్య చైనాలోని షెన్యాంగ్ ఊరి చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఇంటర్ అయ్యాక మళ్లీ ఓనమాలు దిద్దడం మొదలుపెట్టాను.

మొదటి వారం ‘నోరు’ అనే అక్షరం వచ్చింది. చూడ్డానికి చిన్న చదరం. సున్నా చుట్టినట్టు ఒక్క చుట్టులో గీసేశాను. మా లావోషి, అంటే టీచరమ్మ, తర్వాత ఎప్పుడో కాగితం చూసి తప్పన్నారు. రాసేటప్పుడు చూడని మనిషికి ఎలా తెలిసిందా అనుకున్నాను. వేలితో మూలలు చూపించారు. నాలుగూ గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఆవిడ పక్కనే రాశారు: ఎడమవైపు నిలువు గీత ఒకటి, పైన అడ్డంగా వెళ్లి మూలలో పెన్ను ఎత్తకుండా కిందికి దిగేది రెండు, అడుగున మూసేది మూడు. చదరానికి నాలుగు భుజాలైనా నోటికి మూడే గీతలు.

మన చేతితో వచ్చిన చిక్కే అది. ‘ల’ రాసినా ‘అ’ రాసినా మెలికలు తిరుగుతూ పోవడమే అలవాటు. ఇక్కడ ఆగాలి, ఎత్తాలి, మళ్లీ పెట్టాలి. పైగా ఏ గీత తర్వాత ఏ గీత అనే వరస కూడా తప్పకూడదు, దాన్ని స్ట్రోక్ ఆర్డర్ అంటారు. మెడికోకి స్ట్రోక్ అనగానే పక్షవాతమే గుర్తొస్తుంది!

సూత్రాలు కొన్నే. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం తర్వాత నిలువు. ‘దేశం’ అక్షరానికి మూడువైపులా గోడ కట్టి, లోపలిది రాసి, చివర అడుగు మూయాలి. మనుషులు లోపలికి వచ్చాకే తలుపు వేస్తాం కదా అనేవారు లావోషి. అది ఎక్కింది. ‘వైద్యం’ అక్షరం మాత్రం ఏడిపించింది. కుడివైపు తెరిచిన పెట్టె, లోపల ‘బాణం’ అనే అక్షరం. ముందు పెట్టె గీసేసి బాణం ఇరికించేవాణ్ని. అసలైతే పై అడ్డగీత, తర్వాత బాణం, ఆఖరున ఎడమ గోడా అడుగూ కలిపి ఒకే గీత. డాక్టరు అవుదామని వచ్చి ఆ అక్షరాన్నే నెలరోజులు తప్పు రాశాను.

త్వరగా నేర్చుకుందామని యూట్యూబ్‌లో ఒక వీడియో పట్టుకుని పదిహేను రోజులు సాధన చేశాను. డిక్టేషన్‌కి బోర్డు దగ్గరికి పిలిచారు. ‘కుడి’ రాయమంటే ఏటవాలు గీతతో మొదలుపెట్టాను. “ఇది జపాన్ వరస” అని లావోషి ఒకటే నవ్వు. జపాన్‌వాళ్లూ ఈ అక్షరాలు వాడతారు, నేను పట్టుకున్న వీడియో వాళ్లదన్నమాట. చైనాలో ఆ అక్షరానికి అడ్డగీత ముందు. ‘రాజు’లోనూ తేడా ఉంది: వీళ్లు రెండు అడ్డగీతల తర్వాత నిలువు గీస్తారు, జపాన్‌లో ఒక అడ్డగీతకే నిలువు వచ్చేస్తుంది. వరస మీద వీళ్లకు ఎంత పట్టింపంటే, 1997లో 7,000 అక్షరాలకు ప్రభుత్వమే ప్రామాణిక వరస ఖరారు చేసింది.

ఇక లాభం లేదని గళ్ల పుస్తకం కొన్నాను. ప్రతి గడిలో చిన్న కూడిక గుర్తు ఉంటుంది, అక్షరం ఎటూ ఒరిగిపోకుండా. రాత్రిపూట గాల్లో వేలితో రాస్తూ “హెంగ్, షూ, ఫియే, నా” అని గీతల పేర్లు పైకి అనేవాణ్ని. అడ్డం, నిలువు, ఎడమకు జారేది, కుడికి జారేది. సంధ్యావందనం అయ్యిందా అని రూమ్మేట్ వెక్కిరించేవాడు. నిజం చెప్పాలంటే అప్పటికీ నాకు నమ్మకం లేదు. ఫోన్‌లో చాలామంది చైనీస్ మాటని పలికినట్టే ఇంగ్లీష్ అక్షరాలతో టైప్ చేసి, ఫోన్ చూపించే అక్షరాన్ని ఎంచుకుంటారు, ఇక్కడివాళ్లే పెన్ను పట్టుకుంటే అక్షరం మర్చిపోతున్నామని వాపోతారు. ఇదంతా ఎవరికోసం అనిపించేది.

నాలుగో ఏడాదిలో వార్డుకి వెళ్లాం. రికార్డులు కంప్యూటర్‌లోనే ఉన్నా, రౌండ్స్‌లో సీనియర్ డాక్టరు ఒక చీటీ రాసి చేతిలో పెట్టారు. గీతలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి ఉన్నాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు, టెన్షన్‌తో చెమట పట్టింది. ఆ మెలికను తొడ మీద వేలితో అదే వరసలో గీసి చూశాను. పైన చుక్క, అడ్డగీత, ఎడమకు జారింది, పక్కన రెండు చిన్న గీతలు: జబ్బుల అక్షరాలకు పైకప్పులా ఉండే గుర్తు. దాని కింద ‘చలికాలం’. చివరి రెండు చుక్కలు విడిగా లేవు, పెన్ను ఒకదాని నుంచి ఇంకోదానికి జారిపోయి ఒక్క గీతైంది. జబ్బులో చలికాలం పెడితే ‘థెంగ్’, నొప్పి.

మంచం దగ్గరికి వెళ్లి, ఎక్కడ నొప్పి అని చైనీస్‌లో అడిగాను. ఆ అవ్వ పొట్ట కుడివైపు చెయ్యి పెట్టి చూపించింది.