అన్నయ్య గుండెకు సీటీ స్కాన్

"నరంలోకి డై మందు ఎక్కగానే ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, కంగారు పడకండి. చెప్పగానే ఊపిరి బిగబట్టండి." టెక్నీషియన్ మైకులో చెబుతుంటే, అద్దం ఇవతల నేనూ బిగబట్టాను.

అన్నయ్యకి పొద్దున్నే ఛాతీలో నొప్పి. ఈసీజీ బాగానే ఉంది, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష, ట్రోపోనిన్ కూడా నార్మల్. అయినా డాక్టరుగారు ఇంటికి పంపలేదు, గుండెకు సీటీ చేద్దామన్నారు. గుండె గబగబా కొట్టుకుంటే బొమ్మ మసకబారుతుందట. అందుకని ముందు మాత్ర ఇచ్చి, నాడి 60 దగ్గరికి వచ్చేదాకా ఆగారు. నా టెన్షన్ అంతా అప్పుడే. స్కాన్ మాత్రం నిమిషాల్లో అయిపోయింది.

రక్తనాళాల్లో ఎక్కడా పూడిక లేదు! సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం.

ఇందాక కూర్చుని చదివాను. 2012లో వచ్చిన రోమిక్యాట్-2 అధ్యయనంలో ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చిన 1,000 మందిని చూశారు. సీటీ చేసినవాళ్లలో దాదాపు సగం మంది ఎమర్జెన్సీ నుంచే ఇంటికి వెళ్లిపోయారు. మామూలు పద్ధతిలో 12 శాతమే. అయితే సీటీ వైపు రేడియేషన్, ఆ తర్వాతి పరీక్షలు ఎక్కువయ్యాయి. కాబట్టి ఎవరికి అవసరమో డాక్టరే తేల్చాలి. ఈసీజీలోనే పెద్ద గుండెపోటు కనిపిస్తే సీటీ కోసం ఆగరు, నేరుగా యాంజియోగ్రామ్‌కే.

అన్నయ్య నొప్పికి అసలు కారణం ఇంకా తెలియలేదు. రేపు మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం.