మృగశిరలో నాట్లు

పర్లాకిమిడి, జూన్ 18

రజ పండుగ మూడు రోజులూ మా వీధిలోని ఒడియావారు నేలను దున్నరు, తవ్వరు. అవి భూదేవి రజస్వలగా ఉండే రోజులని వారి నమ్మకం. మాది తెలుగిల్లే అయినా, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) మనసు నొచ్చుకోకూడదని ఆ మూడు రోజులూ నేను కూడా పార ముట్టను. నిన్న, నాలుగో రోజున, భూదేవికి చేసే వసుమతీ స్నానం కూడా అయిపోయింది కనుక, ఈ ఉదయం కాఫీ తాగిన వెంటనే పెరట్లోకి దిగాను. మృగశిర కార్తె జల్లులకు నేల మంచి పదును మీద ఉంది. పిడికిట్లో పడితే ఉండ కడుతోంది, వేలితో నొక్కితే విడిపోతోంది.

తోడు మొక్కల పట్టికలు ఎక్కడ చూసినా ఏది ఎవరి పక్కన ఉండాలో చెబుతాయి కానీ, ఏది ముందు, ఏది వెనుక అన్నది చెప్పవు. నా మట్టుకు నాకు అసలు సంగతి అదే. మొక్కజొన్న, చిక్కుడు జాతి తీగ, గుమ్మడి కలిపి వేయడం అమెరికా ఖండపు మూలవాసుల పాత పద్ధతి; తీగకు దంటు ఆసరా అవుతుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపును అణచివేస్తుంది, తీగ వేళ్ల బుడిపెలు నేలకు నత్రజని చేరుస్తాయి. అయితే మూడింటినీ ఒకే రోజు విత్తితే మొక్కజొన్న నిలదొక్కుకోకముందే గుమ్మడి దాని మీదకు పాకిపోతుంది. అందుకే ఈ రోజు మొక్కజొన్న ఒక్కటే విత్తాను. అది జానెడు ఎత్తు లేచాక తీగ బొబ్బర్లు, ఆ తరువాత మరో వారానికి గుమ్మడి పడతాయి. చిక్కుడే వేయవచ్చు కదా అని మావుసి అడిగింది. మన పాత చిక్కుడు రకాలు పగటి పొద్దు తగ్గేదాకా పూతకు రావు, అప్పటికి కండెలు విరిచేసిన దంటు కూలిపోయి తీగ దిక్కులేనిదవుతుంది. బొబ్బర్లకు ఆ పట్టింపు లేదు. బొబ్బర్లకు పేనుబంక పడుతుంది, నిజమే, కానీ దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులు పక్కనున్న వంగ, బెండ మొక్కలకు కూడా కాపలా కాస్తాయి కనుక నేను మందు కొట్టను. ఈ వరుస ఎరిగిన రైతులు మన కొండల్లోనే ఉన్నారు: చోళ్ళు (రాగులు), కంది కలిపి చల్లిన చేనులో చోళ్ళు కోతకు వచ్చి వెళ్లిపోయాక కంది తీరుబడిగా ఎదుగుతుంది.

బంతి విషయంలో కాలం లెక్క ఇంకా గట్టిది. టమాటా మధ్య అక్కడక్కడ రెండు బంతి మొక్కలు గుచ్చితే, వేళ్లకు బుడిపెలు కట్టించి మొక్కను దెబ్బతీసే వేరుబుడిపె నులిపురుగు పోతుందనుకోవడం భ్రమ. ఆ మడి నిండా బంతినే ఒత్తుగా పెంచి, దాని తరువాత టమాటా వేస్తేనే ఫలితం కనిపిస్తుంది. కాబట్టి కార్తీకంలో టమాటా రావలసిన మడిలో ఈ రోజు బంతి నారు నాటించాను. దసరా పూలు అదనపు లాభం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పటి నుంచి దసరాకు ముందు టమాటా నాటడం మానేశాను. టమాటా కాయ తొలిచే పచ్చపురుగును బంతి పూల వైపు మళ్లించడానికి వేసే బంతి వరుస లెక్క మళ్లీ వేరు: 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటితేనే రెండూ ఒకేసారి పూస్తాయి, అంటే బంతి విత్తనం మూడు వారాలు ముందుగా పోసుకోవాలి.

మధ్యాహ్నం కోడలు ముంగిలి మాట ఎత్తింది. “అత్తయ్యా, బరంపురంలో మా అక్కావాళ్లు ఇంటి ముందు లాన్ వేయించారు, ఎంత బాగుందో!” అంది. బాగుంటుంది, కాదనను, కానీ వేసవిలో దానికి పోసే నీళ్లు, వానల్లో వారం వారం కత్తిరింపు ఎవరు చూస్తారు? పైగా మామిడి నీడలో ఆ గడ్డి పలచబడి నేల బయటపడుతుంది. చూరు నీళ్లు పడి ఎప్పుడూ తడిగా ఉండే చోట సరస్వతి ఆకు, పొన్నగంటి కూర వేద్దామన్నాను. రెండూ నేలను కప్పుతాయి, రెండూ వంటింటికి వస్తాయి. అవి తొక్కుడుకు ఆగవు కనుక పిల్లవాడు ఆడుకునే ఎండ భాగంలో ఉన్న గరికనే ఉంచుదాం, వినాయక చవితికి వెతుక్కునే పని కూడా తప్పుతుంది. నర్సరీ అతను వెడేలియా ఇస్తానన్నాడట. నీళ్లు లేకపోయినా పాకి, పసుపు పూలతో ముచ్చటగా ఉంటుంది కానీ, కణుపు పడిన చోటల్లా వేరూని కాలువ గట్ల మీదకు పోతుంది. ప్రపంచంలోని 100 అతి ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో అది కూడా ఉంది. పసుపు పూలే కావాలంటే పింటో వేరుశనగ ఉంది, అది కాస్త నీడను, తేలికపాటి నడకను ఓర్చుకుంటుంది, నత్రజనిని కూడా పట్టి పెడుతుంది.

కోడలు కాసేపు మౌనంగా ఉండి, “అయితే మెట్ల పక్కన ఆ వేరుశనగ నాకు” అంది. బరంపురం వెళ్లినప్పుడు దాని కొమ్మలు తెమ్మన్నాను. అందాకా ఆ చోట తుంగ గడ్డలు తవ్వించి, ఎండుటాకు పరిపించి ఉంచుతాను.