నీలం లైటు కింద

కళ్లకి తెల్ల గంతలు, ఒంటి మీద డైపర్ ఒక్కటే. మా అక్క కూతురు, నాలుగు రోజుల పిల్ల, నీలం లైటు కింద పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది.

"ఒట్టి లైటుకే కామెర్లు తగ్గుతాయంటావా రా?" పొద్దుటి నుంచీ అక్కకి అదే టెన్షన్.

తగ్గుతాయక్కా. కామెర్లలో ఒంటిని పసుపుగా మార్చేది బిలిరుబిన్ అనే పదార్థం. చర్మంలో చేరిన దాని అణువు ఆ కాంతిని పీల్చుకుంటుంది, ముఖ్యంగా 460 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలం కాంతిని. ముడుచుకుని ఉన్నది కాస్తా మెలి తిరిగి ఆకారం మార్చుకుంటుంది. అప్పటిదాకా నీళ్లలో కరగనిది కరుగుతుంది. లివర్ ఇంకా పూర్తిగా పనిలోకి దిగకపోయినా పైత్యరసంలో, మూత్రంలో బయటికి పోతుంది.

1956లో ఇంగ్లండ్‌లో ఒక నర్సు, ఎండలో ఉంచిన బిడ్డ ఒంటిపై దుప్పటి కప్పిన చోటే పసుపు మిగలడం గమనించింది. ఆమె చూపుకి దండం పెట్టాలనిపించింది.

సాయంత్రం పాలకని గంతలు తీశారు. కళ్లు చికిలించి, అక్క వైపే చూసింది.