శనగబద్దంత కండ ముక్క కోసం మూడు వారాలు

పదకొండేళ్లుగా హెచ్ఐవిని అదుపులో ఉంచే ఎ.ఆర్.టి. మందులు వాడుతున్నాను. ఒక్క పూట మానలేదు. మా సెంటర్‌కు కొత్తగా వచ్చేవాళ్లకు కౌన్సిలర్ నన్నే చూపించి ధైర్యం చెబుతారు. రక్తంలో వైరస్ జాడ కూడా దొరకదు. అయినా నిరుడు దసరాకు మెడ కుడి పక్కన రేగుపండంత గడ్డ తేలింది.

సూది పరీక్ష చేసి టీబీ కావచ్చన్నారు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ నా హెచ్ఐవి మందు డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి దాన్ని రోజుకు రెండు పూటలా వేసుకోమన్నారు. రెండు నెలలకు గడ్డ నిమ్మకాయంత అయింది. రాత్రిళ్లు చెమటకు దుప్పటి తడిసిపోయేది. గడ్డను మొత్తంగా కోసి తీసి బయాప్సీకి పంపాలని ఎ.ఆర్.టి. డాక్టరు రాసిచ్చారు.

నా పరువు తీసింది ఇక్కడే. మొదటిసారి సర్జన్ థియేటర్ ఖాళీ లేదన్నారు. రెండోసారి బీపీ ఎక్కువగా ఉందన్నారు. మూడోసారి రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం మూడింటి దాకా మంచం మీద కూర్చున్నాను. నా తర్వాత చేరినవాళ్లు లోపలికి వెళ్లి వచ్చేశారు. నా ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాశారు. వార్డు బాయ్ గుమ్మంలో నిలబడి "హెచ్ఐవి కేసు ఏ మంచం?" అని కేకేశాడు. పొద్దుటి నుంచి పక్క మంచం పెద్దాయనకు మా ఆవిడే నీళ్లు అందిస్తోంది. ఆయన కూతురు ఆ గ్లాసును రెండు వేళ్లతో పట్టుకుని కిటికీలో పెట్టేసింది. మా ఆవిడ ఏమీ అనలేదు. గ్లాసు కడిగి సంచిలో వేసుకుంది.

ఆ గ్లాసు చూశాక నాకు భయం పోయింది. తిన్నగా సూపరింటెండెంట్ గదికి వెళ్లాను. 2017 నాటి హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం, అనుమతి లేకుండా మా స్థితి బయటపెట్టడం రెండూ చట్టవిరుద్ధమని, ఆ చట్టం కింద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాస్తానని చెప్పాను. మర్నాడు పొద్దున్నే గడ్డ తీశారు. అరగంట పని! దానికి మూడు వారాలు తిప్పారు. ఇది వారాల లెక్కన పెరిగే జబ్బు. ఆ సర్జన్‌ను నేను క్షమించను. మీలో ఎవరికైనా ఇలా జరిగితే నోటిమాటతో సరిపెట్టవద్దు, కాగితం మీద పెట్టండి. సూది పరీక్షతో తృప్తి పడవద్దు. కోసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు ఎక్కడుందో అడిగి రసీదు తీసుకోండి.

బయాప్సీలో తేలింది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక కేన్సర్. అది ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ ఒక్క పూటలో అయిపోయింది.

కేన్సర్ ఆసుపత్రిలో పాథాలజీ డాక్టరమ్మ నా బ్లాకు చూపించారు. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో తెల్లటి మైనం, దాని మధ్య శనగబద్దంత కండ. మిగిలిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని అడిగారు. డీఎన్ఏలో అక్షరాలు మారకుండానే దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర పడితే జన్యువు మూగబోతుందట. కణాన్ని అదుపులో ఉంచే జన్యువే అలా మూగబోతే కేన్సర్‌కు దారి దొరికినట్టే. మాలాంటి వారి లింఫోమాల్లో ఎప్‌స్టీన్-బార్ అనే మరో వైరస్ ఎక్కువగా కనిపిస్తుంది, నా ముక్కలోనూ ఉంది. రోగనిరోధక శక్తి కంట పడకుండా దాక్కోవడానికి ఆ వైరస్ కూడా ఈ ముద్రలనే వాడుకుంటుందట. అందుకే హెచ్ఐవి ఉన్నవారి గడ్డల్లో, లేనివారి గడ్డల్లో ముద్రలు ఎక్కడెక్కడ వేరుగా పడ్డాయో పోల్చి చూస్తున్నారు.

దీనికి మందుందా అని అడిగాను. అమెరికాలో హెచ్ఐవి ఉన్న రోగులకు కీమోతో పాటు, మూగబోయిన జన్యువులను మేల్కొలిపే వోరినోస్టాట్ కలిపి ఇచ్చి చూశారని, అదనపు మేలు కనబడలేదని చెప్పారు. లేని ఆశ పెట్టనందుకే ఆమె మీద నమ్మకం కుదిరింది. అంగీకార పత్రం రెండుసార్లు చదివాను. పేరుండదు, నంబరు మాత్రమే. సంతకం పెట్టాను.

రేపు కీమో అయిదో సైకిల్, నాలుగు రోజులు రాత్రింబవళ్లు ఎక్కే మందు. మెడ తడిమితే గడ్డ చేతికి తగలడం లేదు.